లైబర్ కేసులో కోర్టు కొట్టేసింది దేన్ని?

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. టామ్ హేస్ మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. లెక్కల్లో చురుకైన లండన్ కుర్రాడు, టోక్యోలో బ్యాంకుకు కోట్లు గడించిపెట్టడం, లైబర్ అనే వడ్డీ రేటును తారుమారు చేశాడని 2015లో 14 ఏళ్ల శిక్ష, 2025 జులై 23న బ్రిటన్ సుప్రీం కోర్టు ఆ తీర్పును రద్దు చేయడం... కథ బాగా నడిపించారు. అయితే రద్దు ఎందుకైందో చెప్పాల్సిన చోట ‘సాంకేతిక కారణాలతో’ అని ఒక్క ముక్కతో దాటేశారు. ఆ కేసులో అంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటి లేదు. అందుకే కాస్త పొడుగ్గానే ఈ ఉత్తరం రాస్తున్నాను. మీకు వీలైనంత వేసుకోండి.

ఇంతకీ నేనెవరినంటే, ప్రభుత్వ రంగ బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. సర్వీసులో ఎక్కువ భాగం ఫారెక్స్ సెక్షన్‌లో గడిచింది. యూనియన్ తరఫున, చార్జిషీటు అందుకున్న ఉద్యోగుల పక్షాన డొమెస్టిక్ ఎంక్వైరీల్లో, అంటే బ్యాంకు లోపల జరిగే క్రమశిక్షణ విచారణల్లో, డిఫెన్స్ రిప్రజెంటేటివ్‌గా కూడా కూర్చునేవాణ్ణి. కాబట్టి లైబర్ అంటే ఏమిటో తెలుసు. ఒక విచారణ ఎక్కడ గాడి తప్పుతుందో కూడా తెలుసు.

లైబర్‌ని మీరు ‘బ్యాంకులు ఒకదానికొకటి అప్పులిచ్చుకునే రేటు’ అన్నారు. నిజంగా ఇచ్చుకున్న అప్పుల రేటే అయితే అసలు గొడవే ఉండేది కాదు. రోజూ లండన్‌లో ఉదయం 11 గంటల ముందు, ఒక్కో కరెన్సీకి ఎంపిక చేసిన బ్యాంకుల్ని ఒక ప్రశ్న అడిగేవారు: ఇప్పుడు మార్కెట్లో ఓ మోస్తరు మొత్తం అప్పు తీసుకోవాల్సి వస్తే నీకు ఎంతకు దొరుకుతుంది? తీసుకుని చూపించక్కర్లేదు. అమ్మే ఉద్దేశం లేని ఇంటికి ఎంత వస్తుందో ఇంటాయన్నే అడిగినట్టు. యెన్ లైబర్‌కి 16 బ్యాంకులు జవాబు పంపేవి. పైన నాలుగు, కింద నాలుగు తీసేసి, మిగిలిన ఎనిమిదింటికి సగటు కట్టేవారు. దీన్ని నడిపింది ప్రభుత్వం కాదు, సెంట్రల్ బ్యాంకు కూడా కాదు. బ్రిటిష్ బ్యాంకర్స్ అసోసియేషన్ అనే బ్యాంకుల సొంత సంఘం.

అలా పుట్టిన అంకె మా స్క్రీన్ మీదికి వచ్చేది. ఎగుమతిదారుకు డాలర్లలో ఇచ్చే ప్యాకింగ్ క్రెడిట్ అనే అప్పుకి వడ్డీ ‘లైబర్ ప్లస్ ఇంత’ అని వేసేవాళ్లం. ఎన్నారైల విదేశీ కరెన్సీ (ఎఫ్‌సీఎన్ఆర్) డిపాజిట్ల మీద ఇవ్వదగ్గ వడ్డీకి పరిమితి కూడా దానికే ముడిపడి ఉండేది. ప్రపంచవ్యాప్తంగా సుమారు 350 లక్షల కోట్ల డాలర్ల ఒప్పందాలు ఆ ప్రశ్నకు వచ్చే జవాబుల మీద నడిచేవని అంచనా.

ఇందులో లాభం ఎక్కడుందో ఒక లెక్క వేసి చూపిస్తాను. పదహారు బ్యాంకుల్లో మధ్య ఎనిమిదింటిలో ఉన్న ఒక బ్యాంకు తన జవాబును ఒక్క బేసిస్ పాయింటు, అంటే నూటికి 0.01, పెంచిందనుకోండి. సగటు అందులో ఎనిమిదో వంతు కదులుతుంది. మామూలు మనిషి కంటికి ఆనని కదలిక అది. కానీ ఒక ట్రేడర్ దగ్గర వెయ్యి కోట్ల డాలర్ల మీద మూడు నెలల రేటుకు కట్టిన స్వాప్‌లు (వడ్డీ చెల్లింపుల్ని మార్చుకునే ఒప్పందాలు) ఉంటే, ఆ ఎనిమిదో వంతు విలువ 31,250 డాలర్లు. అదీ ఒక్క రోజు, ఒక్క జవాబు మీద. రెండు మూడు బ్యాంకులు కలిసి అటూ ఇటూ జరిగితే ఎంతవుతుందో మీరే వేసుకోండి.

హేస్ కూర్చున్నది సరిగ్గా అక్కడ. 1979లో పుట్టాడు. నాటింగ్‌హామ్ యూనివర్సిటీలో గణితం, ఇంజినీరింగ్ చదివాడు. రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్ (ఆర్‌బీఎస్), రాయల్ బ్యాంక్ ఆఫ్ కెనడా మీదుగా 2006లో స్విస్ బ్యాంకు యూబీఎస్ టోక్యో ఆఫీసుకు వెళ్లాడు. యెన్ వడ్డీ రేట్ల డెరివేటివ్స్, అంటే రేటు ఎటు కదిలిందన్నదాన్ని బట్టి లాభనష్టాలు తేలే ఒప్పందాలు, అతని పని. 2009 చివర్లో సిటీగ్రూప్ ఎగరేసుకుపోయింది, ఏడాది తిరక్కుండానే 2010 సెప్టెంబరులో ఇంటికి పంపేసింది. మిగతా ట్రేడర్లు బీర్లు తాగుతుంటే ఇతను హాట్ చాక్లెట్ తాగేవాడని ‘టామీ చాక్లెట్’ అని పిలిచేవారట. మీ వ్యాసంలో దానికి అరకాలమ్ ఇచ్చారు. జడ్జి జ్యూరీకి ఏం చెప్పాడన్న దానికి ఒక్క లైను లేదు.

అతను చేసిన పనిని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. రేట్లు పంపే సహోద్యోగుల్ని, వేరే బ్యాంకుల్లో తెలిసినవాళ్లని, బ్యాంకుల మధ్య డీల్స్ కుదిర్చే బ్రోకర్లని ‘ఇవాళ మూడు నెలలది కాస్త పైకి’, ‘ఆరు నెలలది కిందికి’ అని రోజూ అడిగేవాడు. యూబీఎస్‌కు జరిమానా వేస్తూ బ్రిటన్ నియంత్రణ సంస్థ 2012 డిసెంబరులో ఇచ్చిన నోటీసులో ఒక సంభాషణ ఉంది. 2008 సెప్టెంబరు నాటిది. పేరు ఇవ్వని ఒక ట్రేడర్, ఆరు నెలల రేటు కదలకుండా చూస్తే యాభై వేల డాలర్లో లక్షో నీకు ముట్టేలా పెద్ద డీల్ చేస్తానని బ్రోకర్‌తో అంటాడు. నేను మాట మీద నిలబడే మనిషినని కూడా చేరుస్తాడు. అవసరం లేని లావాదేవీలు రెండు వైపులా నడిపి బ్రోకర్లకు కమిషన్ ముట్టజెప్పిన సంగతీ ఆ నోటీసులోనే ఉంది. బ్యాంకులో పనిచేసినవాడికి ఇది చదివితే ఒళ్లు మండుతుంది. నాకూ మండింది.

కానీ విచిత్రం చూడండి, ఇదంతా చాటుగా సాగలేదు. ఆఫీసు చాట్‌లో, ఈమెయిల్‌లో, రికార్డయ్యే ఫోన్లలో నడిచింది. తప్పు చేస్తున్నానన్న స్పృహ ఉన్నవాడు ఇన్ని ఆనవాళ్లు వదలడు. లేదా ఎవరూ ఏమీ అనరన్న ధీమా ఉన్నవాడైనా అయి ఉండాలి. తోటివాళ్లంతా చేస్తున్నదే చేశాను, పైవాళ్లకు తెలుసు అన్నది కోర్టులో అతని వాదన. ఈ రెంటిలో ఏది నిజమో తేల్చడానికే జ్యూరీ ఉంది.

పైవాళ్ల సంగతి మీ వ్యాసంలో బొత్తిగా లేదు. 2008 సంక్షోభంలో బ్యాంకులకు ఇంకో అవసరం వచ్చింది. ఎక్కువ రేటు పంపితే ‘వీళ్లకు అప్పు పుట్టడం లేదు’ అని మార్కెట్ భయపడుతుంది. అందుకని తక్కువ చేసి పంపడం మొదలైంది. అది ట్రేడర్ లాభం కోసం కాదు, బ్యాంకు పరువు కోసం. బార్‌క్లేస్ 2012 జూన్‌లో 29 కోట్ల పౌండ్ల జరిమానా కట్టింది. వారం తిరక్కుండా దాని అధిపతి బాబ్ డైమండ్ రాజీనామా చేశాడు. ఆ సమయంలోనే ఒక నోట్ బయటికొచ్చింది. 2008 అక్టోబరు 29న బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ అధికారి పాల్ టక్కర్‌తో జరిగిన ఫోన్ సంభాషణను డైమండ్ అందులో రాసుకున్నాడు. మీ రేట్లు ఎప్పుడూ అంత ఎత్తున కనబడక్కర్లేదు అన్న అర్థం వచ్చే మాట అందులో ఉంది. తగ్గించమని తాను చెప్పలేదని టక్కర్ పార్లమెంటు కమిటీ ముందు అన్నాడు. ఆయన మాట నిజమే కావచ్చు. కానీ బ్యాంకు పరువు కోసం అంకెను కిందికి నొక్కడం ఒక రకం, ట్రేడర్ లాభం కోసం జరపడం ఇంకో రకం అని విడదీసి, రెండో రకాన్నే క్రిమినల్ కోర్టు మెట్లు ఎక్కించారు.

ఇక హేస్ ఇచ్చిన ఒప్పుకోలు. ఇది చదివినప్పుడే నాకు మీకు రాయాలనిపించింది. హేస్‌ని 2012 డిసెంబరులో అరెస్టు చేశారు. అదే నెలలో అమెరికా న్యాయశాఖ కూడా అతని మీద అభియోగాలు ప్రకటించింది. అమెరికాకు అప్పగిస్తే దశాబ్దాల జైలు. బ్రిటన్‌లోనే చార్జ్ చేస్తే అక్కడే ఉండొచ్చు. దానికోసం పెద్ద మోసాల కేసులు నడిపే బ్రిటన్ సీరియస్ ఫ్రాడ్ ఆఫీసుకు సహకరిస్తానని ఒప్పందం చేసుకుని, 82 గంటల పాటు ఇంటర్వ్యూలిచ్చాడు. వాటిలో నిజాయతీ తప్పానని ఒప్పుకున్నాడు. చార్జ్ పడ్డాక మనసు మార్చుకుని నేరం చేయలేదన్నాడు. విచారణలో ఆ టేపుల్నే అతని మీద వినిపించారు.

మీరు దీన్ని ‘మాట మార్చాడు’ అని రాశారు. ఎంక్వైరీ గదిలో కూర్చున్నవాణ్ణి కాబట్టి నాకు అది అంత తేలిగ్గా మింగుడుపడలేదు. సస్పెన్షన్‌లో ఉన్న మనిషి సగం జీతం మీద బతుకుతుంటాడు. రాత్రిళ్లు నిద్ర ఉండదు. మంచి కోరేవాళ్లలా ఎవరో ఒకరు వచ్చి, “ఒప్పుకుంటూ రాసిచ్చెయ్యండి సార్, ఒక ఇంక్రిమెంటు కోతతో పోతుంది” అంటారు. ఆ సలహా ఇచ్చేవాడికి అలా హామీ ఇచ్చే అధికారం ఏమాత్రం ఉండదు. రాసిచ్చిన కాగితం ఫైల్లో మొదటి పేజీ అవుతుంది. ఆ తర్వాత మేం సాక్షుల్ని ప్రశ్నించినా, వోచర్లు తెప్పించినా, బ్యాంకు పక్షాన వాదించే ప్రెజెంటింగ్ ఆఫీసర్ ఆ పేజీ తీసి చూపించి కూర్చుంటాడు. అలా రాసిచ్చిన ప్రతివాడూ నిర్దోషి అనను. కొందరు నిజంగానే తిన్నారు. కానీ ఆ కాగితం నిజం కోసం రాసిందా, భయంతో రాసిందా అన్నది ముందు అడగాలి. హేస్ జ్యూరీ ముందు ఆ ప్రశ్న కనీసం వచ్చింది. దానికన్నా పెద్ద ప్రశ్న మాత్రం వాళ్ల దాకా రానేలేదు.

2015లో లండన్ సదక్ క్రౌన్ కోర్టులో కేసు నడిచింది. లైబర్‌ని తారుమారు చేయడాన్ని నేరంగా పేర్కొనే చట్టం ఆ పనులు జరిగిన నాటికి లేదు. అది తర్వాత వచ్చింది. అందుకని మోసానికి కుట్ర అనే పాత నేరం కింద ఎనిమిది అభియోగాలు పెట్టారు. జ్యూరీ తేల్చాల్సినవి ముఖ్యంగా రెండు. ఒకటి, బ్యాంకు పంపిన రేటు దాని అసలు అభిప్రాయమేనా, కాదా? రెండు, కాకపోతే నిందితుడు నిజాయతీ తప్పాడా?

జడ్జి మొదటిదాన్ని జ్యూరీ చేతుల్లోంచి తీసేసుకున్నాడు. తన ట్రేడింగ్ లాభాన్ని మనసులో పెట్టుకుని బ్యాంకు రేటు పంపితే, అది అసలు అభిప్రాయం కాదు, చట్టరీత్యా కాదు, ఇంక దాని గురించి ఆలోచించక్కర్లేదు అన్న దిశలో వాళ్లకు నిర్దేశమిచ్చాడు. ఇదెంత పెద్ద విషయమో చెబుతాను. ఒక ఉదయం ఆ బ్యాంకుకు అప్పు 0.50కి దొరకొచ్చు, 0.51కి దొరకొచ్చు, 0.52కి దొరకొచ్చు. అడిగింది ఊహా ప్రశ్న కాబట్టి మూడూ సమర్థించుకోగల జవాబులే. వాటిలో తనకు కలిసొచ్చేదాన్ని ఎంచుకుంటే అబద్ధమాడినట్టా? అవుననొచ్చు, కాదనొచ్చు. ఆ రోజు పరిస్థితులు, ఆ మనిషి ఆలోచన, సాక్ష్యాలు చూసి పన్నెండు మంది తేల్చాల్సిన సంగతి అది. జడ్జి దాన్ని న్యాయసూత్రంగా మార్చి చేతికిచ్చేశాడు. వాళ్లకు మిగిలింది రెండో ప్రశ్న ఒక్కటే. మొదటిదానికి ‘అబద్ధం’ అని ముందే జవాబు రాసి ఉన్నాక రెండోది ఎటు పోతుంది?

2025లో లార్డ్ లెగాట్ రాసిన, మిగతా న్యాయమూర్తులందరూ ఏకీభవించిన తీర్పు సారం ఇదే. అది చట్టపరమైన ప్రశ్న కాదు, వాస్తవానికి సంబంధించింది. నిర్దేశం తప్పు, దానివల్ల విచారణ న్యాయంగా జరగలేదు, కాబట్టి అతను దోషి అన్న తీర్పు నిలవదు. యూరోకి లైబర్ లాంటి రేటైన యూరిబర్ కేసులో 2019లో నాలుగేళ్ల శిక్ష పడ్డ బార్‌క్లేస్ మాజీ ట్రేడర్ కార్లో పలంబోకూ ఇదే వర్తించింది.

దీన్ని సాంకేతికం అంటే మా పాత కేసొకటి చెప్పాలి. ఒక బ్రాంచి మేనేజరు, పండగ ముందు రద్దీలో, ఏళ్ల తరబడి ఖాతా ఉన్న వ్యాపారికి తన అధికార పరిమితి దాటి చెక్ పర్చేజ్ చేశాడు, అంటే చెక్కు వసూలు కాకముందే డబ్బిచ్చేశాడు. చెక్కు తిరిగొచ్చింది. సర్క్యులర్ ఉల్లంఘన జరిగింది, అందులో వాదన లేదు. చార్జిషీటులో మాత్రం ‘దురుద్దేశంతో, స్వలాభం కోసం’ అని కూడా రాశారు. దానికి సాక్ష్యం చూపించమన్నాను. ఎంక్వైరీ ఆఫీసర్ తన రిపోర్టులో, సర్క్యులర్ ఉల్లంఘించడమే దురుద్దేశానికి రుజువు, వేరే సాక్ష్యం అవసరం లేదు అని రాసి సంతకం పెట్టాడు. దురుద్దేశం ఉందా లేదా అన్నది ఆయన విని తేల్చాల్సింది. వినకముందే సూత్రం చేసి పడేశాడు. పరిమితి దాటినందుకు పడే శిక్షకీ, దురుద్దేశానికి పడే శిక్షకీ తేడా ఆ ఇంట్లోవాళ్లకు తెలుసు, ఉద్యోగం ఉండటం, పోవడం.

మీ వ్యాసం చెప్పని ఇంకో సంగతి ఉంది. హేస్ అభిమానులకు ఇది నచ్చదు. సరైన నిర్దేశం ఇచ్చి ఉంటే అతన్ని దోషిగా తేల్చడానికి జ్యూరీ ముందు సాక్ష్యం దండిగా ఉందని అదే సుప్రీం కోర్టు అంది. కాబట్టి అతను చేసింది సబబేనని ఏ కోర్టూ అనలేదు. ఆ పన్నెండు మంది ఏమని ఉండేవారో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. పునర్విచారణ కోరడం ప్రజాప్రయోజనం కాదని సీరియస్ ఫ్రాడ్ ఆఫీసు తేల్చేసింది. శిక్షను అప్పీలు కోర్టు 2015 డిసెంబరులోనే 14 నుంచి 11 ఏళ్లకు తగ్గించింది. అందులో ఐదున్నరేళ్లు జైల్లో గడిపి అతను 2021 జనవరిలో బయటికొచ్చాడు. శిక్ష పడ్డప్పుడు వయసు 35. రద్దయినప్పుడు 45.

ఈ పదేళ్లలో తప్పు దిద్దుకునే అవకాశాలు రాలేదా అంటే, వచ్చాయి. హేస్‌తో కుట్ర పన్నారన్న ఆరుగురు బ్రోకర్లనూ 2016 జనవరిలో వేరే జ్యూరీ వదిలేసింది. ఆ ఆరుగురి లెక్కన చూస్తే అతను ఒక్కడే కుట్ర పన్నినట్టయింది. 2022 జనవరిలో అమెరికా అప్పీలు కోర్టు ఇలాంటి కేసులోనే ఇద్దరు డాయిష్ బ్యాంక్ మాజీ ట్రేడర్ల శిక్షల్ని కొట్టేసింది. ఆ బ్యాంకు అప్పు తీసుకోగలిగిన రేటు కాదది అని రుజువు చేయనిదే పంపిన జవాబు అబద్ధమనలేం అన్నది ఆ తీర్పు. అదే ఏడాది అక్టోబరులో అమెరికా హేస్ మీద అభియోగాలు ఎత్తేసింది. ఏ దేశానికి భయపడి ఇతను ఒప్పుకోలు ఇచ్చాడో ఆ దేశమే చేతులు దులుపుకుంది. అయినా లండన్ అప్పీలు కోర్టు 2024 మార్చిలో మళ్లీ పాత పాటే పాడింది. సుప్రీం కోర్టు గడప తొక్కడానికి ఇంకో ఏడాది పట్టింది.

డబ్బు లెక్క కూడా చూద్దాం. యూబీఎస్ అన్ని దేశాలకూ కలిపి 150 కోట్ల డాలర్ల వరకు కట్టింది. దాని జపాన్ విభాగం అమెరికాలో నేరం ఒప్పుకుంది. కట్టిన డబ్బు వాటాదారులది. లైబర్, యూరిబర్ కేసుల్లో బ్రిటన్‌లో శిక్ష పడింది తొమ్మిదిమందికి. అందులో బ్యాంకు బోర్డులో కూర్చున్నవాడు ఒక్కడూ లేడు. హేస్ అడిగిన రేట్లు పంపిన బ్యాంకులకు, ఆ లాభాలు చూసి బోనస్‌లు రాసిన మేనేజర్లకు, జవాబుదారీ ఏదైనా జరిమానా రూపంలోనే ముగిసింది. మా దగ్గర ఎంక్వైరీల్లో కూర్చున్న క్లర్కుల్ని, కింది మెట్టులోని స్కేల్ వన్ ఆఫీసర్లని చూసినప్పుడు ఏమనిపించేదో అదే నాకు ఇక్కడా అనిపించింది. అయితే హేస్ సంపాదించినదాంతో వాళ్లను పోల్చడం వాళ్లకే అవమానం, అది వేరే సంగతి.

లైబర్ ఇప్పుడు లేదు. యెన్, పౌండ్ రేట్లు 2021 చివరితో, డాలర్ రేట్లలో ముఖ్యమైనవి 2023 జూన్‌తో ఆగిపోయాయి. వాటి చోట వచ్చిన సోఫర్, సోనియా లాంటివి నిజంగా జరిగిన లావాదేవీల నుంచి కట్టేవి. ‘నీకెంతకు దొరుకుతుంది’ అని ఎవర్నీ అడగరు. ఈ పని 2008లోనే చేసి ఉంటే ఈ కేసే ఉండేది కాదు. రేట్ల మీద అనుమానాలు అప్పటికే ఆర్థిక పత్రికల్లో బహిరంగంగా వచ్చాయి.

ఒక విన్నపం. మీ అనుబంధంలో ఈ విషయం మళ్లీ వస్తే, హేస్ చాక్లెట్ సంగతి పక్కనపెట్టి మిగిలినవాళ్ల గురించి రాయించండి. ఆ తొమ్మిదిమందిలో ఇద్దరు విచారణ దాకా కూడా వెళ్లకుండా నేరం ఒప్పుకున్నవాళ్లు. చట్టం ఇలాగే ఉందని కోర్టులు చెబుతుంటే, పోరాడి లాభం లేదనుకుని ఒప్పుకున్నారేమో. జ్యూరీ ముందుకే వెళ్లనివాళ్లకు, జ్యూరీకి తప్పుగా చెప్పారన్న ఈ తీర్పు ఎలా పనికొస్తుందో వివరంగా చెప్పగల న్యాయవాదితో రాయిస్తే, నాలాంటివాళ్లం చాలామందిమి చదువుతాం.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి